కపోయెరా మొదటి తరగతికి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రెజిల్‌లో ఆఫ్రికన్ సంతతివారి చేతుల్లో రూపుదిద్దుకున్న కపోయెరాను నేర్చుకోవాలన్న కోరిక చాలామందికి ఏదో ఒక వీడియో చూసినప్పుడు పుడుతుంది. ఆ వీడియోలో కనిపించేవారు గాలిలో గిరగిరా తిరుగుతూ ఉంటారు కాబట్టి కోరికతో పాటు భయం కూడా పుడుతుంది. మొదటిసారి తరగతిలో అడుగుపెట్టబోయే పెద్దవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. పోర్చుగీసు పేర్లను బ్రెజిల్‌లో పలికే తీరుకు వీలైనంత దగ్గరగా రాశాము. రాతలో "ర"తో మొదలయ్యే మాటలను అక్కడ "హ"తో పలుకుతారు కనుక, ఆటగాళ్ల చుట్టూ కట్టే వలయాన్ని ఇక్కడ "హోడా" అని రాశాము.

కపోయెరా పోరాట విద్యా, నాట్యమా, ఆటా?

మూడూ కలిసినదే అని చెప్పి ఊరుకోవచ్చు గానీ, మొదటి తరగతికి వెళ్లేవారికి ఆ జవాబు పనికిరాదు. కపోయెరా చేసేవారు తాము చేసేదాన్ని "జోగో" అంటారు, అంటే ఆట. ఇద్దరు హోడా మధ్యకు వస్తారు. ఒకరు కాలు విసిరితే, రెండోవారు దాన్ని చేత్తో అడ్డుకోకుండా దాని కిందుగా జారి తప్పించుకుంటారు, ఆ తప్పించుకునే కదలికలోనే తమ తరువాతి ఎత్తును సిద్ధం చేసుకుంటారు. సంప్రదాయ హోడాలో పాయింట్లు లెక్కపెట్టేవారు ఉండరు, గెలిచినవారి పేరు ఎవరూ ప్రకటించరు. అలాగని ఇది ఉత్త ప్రదర్శన కూడా కాదు. ఎదుటివారి కాలిని తమ కాలితో ఊడ్చి పడగొట్టే హస్తేయిరా, తలతో నెట్టే కబెసాదా ఇందులో నిజమైన ఎత్తులే, ఏమరుపాటుగా ఉన్నవారు నేల మీద కూర్చోవలసి వస్తుంది. మొదటి రోజున మీరు నేర్చుకోబోయేది దెబ్బ కొట్టడం కాదు, ఎదుటి మనిషి కదలికను చూసి దానికి బదులివ్వడం. కపోయెరాలో మిగిలినదంతా దీని మీదే నిలబడి ఉందని మా నమ్మకం.

నాకు పల్టీలు కొట్టడం రాదు, శరీరం అంతగా వంగదు. అయినా రావచ్చా?

తప్పకుండా రావచ్చు. గాలిలో తిరిగే పల్టీలు కపోయెరాకు అలంకారాలే గాని పునాది కావు, వాటిని జీవితంలో ఒక్కసారి కూడా వేయకుండా గొప్పగా ఆడినవారు ఎంతోమంది ఉన్నారు. తొలి నెలల్లో మీకు కావలసినవి మూడే: మోకాళ్లు వంచి కిందికి దిగగలగడం, అరచేతుల మీద కొంత బరువు ఆనించగలగడం, ఎదుటివారి మీద నుంచి చూపు మరల్చకుండా ఉండడం. వీటిలో మొదటి రెండూ సాధనతో వస్తాయి. మూడోది చెప్పినంత సులభం కాదు, ఎందుకంటే కొత్తవారు దాదాపు అందరూ తమ పాదాలనే చూసుకుంటూ ఉంటారు.

"ముందు బరువు తగ్గి, ఒంట్లో పట్టు వచ్చాక చేరతాను" అనుకునేవారికి మా సలహా, అలా ఆగవద్దని. కపోయెరాకు కావలసిన పట్టు కపోయెరా చేస్తేనే వస్తుంది. జిమ్‌లో ఏళ్ల తరబడి బరువులు ఎత్తినవారు కూడా మొదటి తరగతిలో పది నిమిషాలు కిందికి వంగి కదిలేసరికి ఆయాసపడుతుంటారు.

ఏ శైలిలో చేరాలి? అంగోలా, హెజియోనల్ అంటే ఏమిటి?

ఈ రెండు పేర్ల వెనుక ఇద్దరు గురువులు ఉన్నారు, ఇద్దరిదీ బహియా రాష్ట్ర రాజధాని సాల్వదోర్ నగరమే. మెస్త్రే (గురువు) బింబాగా పేరు పొందిన మనుయెల్ దొస్ హేయిస్ మషాదో 1932లో అక్కడ తన పాఠశాలను తెరిచి, వీధుల్లో చూసి నేర్చుకునే విద్యకు ఒక బోధనా క్రమాన్ని ఏర్పరచారు. ఇద్దరు కలిసి చేసే ఎనిమిది వరుసల అభ్యాసాన్ని రూపొందించారు. చదువో ఉద్యోగమో ఉన్నవారినే శిష్యులుగా తీసుకుంటానని నియమం పెట్టారు. ఆయన పద్ధతే హెజియోనల్. మెస్త్రే పస్చీన్యాగా ప్రసిద్ధులైన విసెంచి ఫెహేయిరా పస్చీన్యా 1941లో తన కేంద్రాన్ని స్థాపించి, పాత పద్ధతిని అంగోలా పేరుతో కాపాడారు. అంగోలా ఆట సాధారణంగా నెమ్మదిగా, నేలకు దగ్గరగా, ఎదుటివారిని మోసగించే ఎత్తులతో సాగుతుంది. హెజియోనల్ నిలబడి, వేగంగా, సూటి దెబ్బలతో సాగుతుంది. ఈ రెండింటినీ కలిపి నేర్పే బృందాలను నేడు "కొంటెంపొరానియా" అంటారు. బ్రెజిల్ వెలుపల మీకు ఎక్కువగా కనిపించేవి ఇలాంటి బృందాలే.

ఎంచుకునే అవకాశం మీకు నిజంగా ఉంటే, నలభై దాటినవారికీ, ఎగిరే కదలికలంటే భయపడేవారికీ అంగోలా తరగతిని ముందుగా చూడమని చెబుతాము. చెమట పట్టే వ్యాయామం, స్పష్టమైన పాఠక్రమం కోరేవారికి హెజియోనల్ లేదా మిశ్రమ శైలి నచ్చుతుంది. అయితే మీ ఊళ్లో ఉన్నది ఒకటే బృందమైతే శైలి గురించి తర్జనభర్జన పడవద్దు. గురువు మంచివారైతే ఏ శైలి అయినా మంచిదే.

ఏ దుస్తులు వేసుకోవాలి?

మోకాళ్ల దగ్గర బిగుతుగా లేని ప్యాంటు, తలకిందులైనప్పుడు మీదికి జారిపోకుండా లోపలికి దోపుకోగల టీ షర్టు చాలు. హెజియోనల్, మిశ్రమ బృందాలవారు "అబదా" అనే తెల్ల ప్యాంటు వేసుకుని చాలావరకు చెప్పులు, బూట్లు లేకుండా ఆడతారు. అంగోలా బృందాలవారు బూట్లు వేసుకుని, చొక్కా ప్యాంటులోకి దోపుకుని ఆడతారు. వారిలో చాలామంది ధరించే పసుపు, నలుపు రంగులు పస్చీన్యా పాఠశాల నుంచి వచ్చినవి. మొదటి రోజుకు ఇవేవీ కొనవలసిన అవసరం లేదు. చేరిన వెంటనే బృందం దుస్తులు కొనితీరాలని ఎవరైనా పట్టుబడితే కొంత ఆలోచించండి. ఉంగరాలు, గొలుసులు, గడియారం, పొడవైన చెవిపోగులు తీసివేయండి, గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి. తువ్వాలు, మంచినీళ్లు మరచిపోవద్దు.

మొదటి తరగతి ఎలా సాగుతుంది?

సాధారణంగా గంట నుంచి గంటన్నర ఉంటుంది. ముందుగా శరీరాన్ని వేడెక్కించే కదలికలు ఉంటాయి. వాటిలో మణికట్లను తిప్పి వదులు చేసే భాగాన్ని అశ్రద్ధ చేయవద్దు, ఎందుకంటే మీ శరీర బరువు అలవాటు లేని విధంగా వాటి మీద పడబోతోంది. తరువాత జింగా అనే ఊగే అడుగు, ఒకటి రెండు తన్నులు, వాటి నుంచి తప్పించుకునే కదలికలు నేర్పుతారు. ఆ తరువాత ఇద్దరిద్దరుగా జతకట్టి అవే కదలికలు చేయిస్తారు. చివర కొంతసేపు వాయిద్యాలు, పాట ఉంటాయి. బృందం పెద్దదైతే చిన్న హోడా కూడా కడతారు.

జత కట్టేటప్పుడు మీకు కొత్తవారు దొరికితే సంతోషించకుండా, పాతవారు దొరకాలని కోరుకోండి. ఎక్కువ కాలం ఆడినవారు మీ తప్పులను తమ కదలికతోనే సర్దుతారు, వారితో ఆడుతుంటే మీకు వచ్చినదానికన్నా ఎక్కువ వచ్చినట్టు అనిపిస్తుంది.

జింగా అంటే ఏమిటి? దాన్ని ఎందుకు అంత నొక్కి చెబుతారు?

ఇతర పోరాట విద్యల్లో నిలబడే భంగిమ ఉంటుంది, కపోయెరాలో నిలబడడమే ఉండదు. నిరంతరం పక్కకు, వెనక్కు ఊగుతూ ఉండే అడుగు ఉంటుంది, అదే జింగా. ప్రతి తన్ను దాని నుంచే పుడుతుంది, ప్రతి తప్పించుకోవడం దానిలోకే తిరిగి వస్తుంది.

వేసే తీరు ఇది. పాదాలను భుజాల వెడల్పున సమానంగా ఉంచి, మోకాళ్లు కొద్దిగా వంచండి. కుడికాలిని నేరుగా వెనక్కు వేసి ముని పాదం మీద ఆనించండి, మడమ నేలకు తగలకూడదు. ఆ కాలు వెనక్కు వెళుతున్నప్పుడే కుడి ముంజేయి ముఖానికి అడ్డుగా ముందుకు రావాలి. తరువాత కుడికాలిని తిరిగి మొదటి చోటికి పక్కగా తీసుకువచ్చి, బరువును దాని మీదికి మార్చి, ఇప్పుడు ఎడమకాలిని వెనక్కు వేసి ఎడమ ముంజేతిని ముందుకు తీసుకురావాలి. పైనుంచి చూస్తే పాదాలు నేల మీద త్రికోణాన్ని గీస్తున్నట్టు కనిపిస్తాయి.

కొత్తవారు దాదాపు అందరూ చేసే పొరపాట్లు మూడు ఉన్నాయి. వెనక్కు వెళ్లిన కాలికి ఎదురు చేతిని ముందుకు తేవడం మొదటిది. నడకలో కాళ్లు, చేతులు ఎదురెదురుగా కదలడం అలవాటు కనుక ఇది సహజమే, కానీ ముఖం కాపు లేకుండా పోతుంది. రెండోది, వెనక కాలిని ముందు కాలికి సరిగ్గా వెనుకగా వేయడం. అలా వేస్తే రెండు పాదాలూ ఒకే గీత మీద పడి, ఎవరైనా కొద్దిగా తాకినా తూలిపోతారు. మూడోది, లయ కన్నా వేగంగా పరుగెత్తడం. ఆటకు లయనిచ్చే ఒంటి తంతి వాయిద్యం బెరింబావ్ మోగుతుంటే దాని వేగానికే అడుగు వేయాలి. మెస్త్రే బింబా కొత్త శిష్యుల రెండు చేతులనూ పట్టుకుని, వారికి ఎదురుగా నిలబడి తానే జింగా వేయించేవారు. ఇప్పటికీ కొందరు గురువులు అలాగే నేర్పుతారు. చేయి పట్టి నడిపిస్తే సిగ్గుపడకండి, వందసార్లు విన్నా అర్థంకాని బరువు మార్పు అలా పట్టుకున్నప్పుడు ఒక నిమిషంలో తెలుస్తుంది.

దెబ్బలు తగులుతాయా?

మొదటి తరగతిలో ఎవరూ మిమ్మల్ని తన్నరు. కపోయెరా తన్నుల్లో ఎక్కువ భాగం వంపు తిరిగి గాలిని కోస్తూ వెళ్లేవి, ఎదుటివారు ఉన్న చోటి గుండా సాగిపోయేవి. ఉదాహరణకు మీరు మొదట నేర్చుకోబోయే మేయా లువా జి ఫ్రెంచిలో కాలు బయటి వైపు నుంచి లోపలికి అర్ధచంద్రాకారంగా తిరిగి వస్తుంది. దాన్ని తప్పించుకునేవారు ఎస్కీవా అనే తప్పించుకునే కదలికతో, కాలు పోతున్న వైపుకే, దాని కిందుగా ఒరుగుతారు. ఒక చేయి ముఖానికి అడ్డంగా ఉంటుంది, రెండోది అవసరమైతే నేలను తాకుతుంది. కాలికి ఎదురుగా ఒరిగితే దెబ్బను తామే వెళ్లి తీసుకున్నట్టు అవుతుంది కనుక, దిక్కు విషయం నెమ్మదిగా, గందరగోళం పూర్తిగా పోయేవరకు అడిగి తెలుసుకోండి.

తగిలే నొప్పులు వేరే చోట ఉంటాయి. మరునాడు తొడలు, పిక్కలు పట్టేస్తాయి, మెట్లు దిగడం కష్టమవుతుంది. మణికట్లలో మందమైన నొప్పి రెండు మూడు రోజులు ఉండవచ్చు. వట్టి కాళ్లతో గట్టి నేల మీద తిరిగితే బొటనవేలి కింద చర్మం పొక్కవచ్చు. ఇవి సాధారణమే. మోకాలిలో సూదిలా గుచ్చే నొప్పి, వాపు, కళ్లు తిరగడం వంటివి సాధారణం కావు, వెంటనే ఆపి గురువుకు చెప్పాలి. అధిక రక్తపోటు, వెన్నెముక లేదా మణికట్టు సమస్యలు, కంటి లోపలి ఒత్తిడి ఉన్నవారు తలకిందులయ్యే కదలికల గురించి ముందుగా వైద్యుడిని అడగాలి. గర్భిణులు కూడా అంతే.

పాడాలా? వాయించాలా? నాకు సంగీతం రాదు.

పాడాలి. చప్పట్లు కొట్టమన్నప్పుడు కొట్టాలి. ఎంత బాగా వచ్చిందన్నది ఎవరూ చూడరు, పాల్గొనకపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది. సంగీతం కపోయెరాకు నేపథ్యం కాదు, ఆట ఎంత వేగంగా, ఎంత దగ్గరగా, ఏ స్వభావంతో సాగాలో నిర్ణయించేది అదే. వ్యాయామం అయ్యాక వాయిద్యాలు బయటికి తీసే సమయానికి సంచి సర్దుకుని వెళ్లిపోయే అలవాటు కొందరికి ఉంటుంది. అలా వెళ్లిపోయేవారు కపోయెరాలో సగాన్ని ఎప్పటికీ చూడరు. మొదటి రోజు నుంచే ఆ అలవాటు చేసుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాము.

ప్రధాన వాయిద్యం బెరింబావ్. నాలుగైదు అడుగుల కర్రను వంచి ఉక్కు తీగ బిగించిన ఒంటి తంతి వాయిద్యం ఇది, చూడగానే దూదేకులవారి విల్లు గుర్తుకు వస్తుంది. పాత కారు టైర్లలో ఉండే ఉక్కు తీగను వలిచి దీనికి వాడతారు. కింది భాగంలో ఎండిన కాయబుర్రను కట్టి ఉంచుతారు. ఆ కట్టిన తాడు కింద ఎడమచేతి చిటికెన వేలును దూర్చితే మొత్తం బరువు ఆ వేలు మీదే నిలుస్తుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నున్నటి రాయినో నాణేన్నో పట్టుకుని తీగకు ఆనిస్తారు. కుడిచేతిలో సన్నని పుల్లతో పాటు "కషిషి" అనే చిన్న గిలకబుట్ట ఉంటుంది. రాయి తగలనప్పుడు ఒక స్వరం, గట్టిగా నొక్కినప్పుడు పై స్వరం, సగం తగిలించినప్పుడు బుస్సుమనే చప్పుడు వస్తాయి. కాయబుర్ర నోటిని పొట్టకు ఆనించి, దూరం జరిపి ధ్వనిని మారుస్తారు. మొదటిసారి పట్టుకున్నవారు స్వరం గురించి కాదు, చిటికెన వేలు నొప్పి గురించే మాట్లాడతారు. రెండు మూడు వారాల్లో ఆ వేలు అలవాటుపడుతుంది.

అంగోలా హోడాలో సాధారణంగా ఎనిమిది వాయిద్యాలు ఉంటాయి. గుంగా, మేజియో, వియోలా అనే మూడు బెరింబావ్‌లు, రెండు పందేయిరోలు (కంజిరలాంటివి), అగోగో (జంట గంటలు), హెకో హెకో (గీరి వాయించే గరుకు కర్ర), అతబాకే అనే నిలువు డోలు ఆ ఎనిమిది. మంద్ర స్థాయిలో మోగే గుంగా చేతిలో ఉన్నవారిదే హోడా మీద అధికారం. బింబా మాత్రం ఒక బెరింబావ్, రెండు పందేయిరోలతో సరిపెట్టారు. ఆయన సంప్రదాయంలో మూడు చప్పట్లు కొట్టి ఒక విరామం ఇస్తారు, అంగోలా హోడాల్లో మామూలుగా చప్పట్లు ఉండవు. కాబట్టి కొత్త చోటికి వెళ్లినప్పుడు చేతులు కలిపే ముందు పక్కవారిని ఒకసారి చూడండి.

పోర్చుగీసు రాకుండా ఎలా?

ఒకరు పాడితే మిగిలినవారు వంత పాడడమే ఇక్కడి పద్ధతి, వంతగా వచ్చేది తరచుగా ఒకటి రెండు పంక్తులే. చెవితో పట్టుకుని పాడేయవచ్చు. కదలికల పేర్లు ప్రపంచమంతటా పోర్చుగీసులోనే ఉంటాయి, అందువల్ల హైదరాబాదులో జింగా నేర్చుకున్నవారు లిస్బన్‌లోనో టోక్యోలోనో తరగతికి వెళ్లినా గురువు ఏమి చేయమంటున్నారో తెలుస్తుంది. తెలుగు చెవికి అచ్చులతో ముగిసే బ్రెజిల్ మాటలు కొత్తగా తోచవు, ముక్కుతో పలికే "ఆవ్" ఒక్కటే కొంత సాధన కోరుతుంది. కొంత కాలం గడిచాక పాటల అర్థాలను అడిగి తెలుసుకోండి, వాటిలో పడవ ప్రయాణాలు, బానిసత్వం, పాత ఆటగాళ్ల సాహసాలు, ఎదుటి ఆటగాడికి హెచ్చరికలు అన్నీ ఉంటాయి.

మొదటి రోజే హోడాలోకి దిగాలా? మర్యాదలు ఏమిటి?

దిగాలని ఎవరూ బలవంతం చేయరు, చేయకూడదు. కానీ గురువు చేయి ఊపి పిలిస్తే, మీకు వచ్చిన ఒక్క జింగాతోనే వెళ్లండి. ఎదుట నిలిచేది ఎక్కువగా అనుభవం ఉన్నవారే కనుక ఆట మీ స్థాయికి దిగి వస్తుంది.

వలయంలో ఖాళీ కనిపించిన చోటి నుంచి లోపలికి నడిచి వెళ్లకూడదు. బెరింబావ్‌ల ముందున్న చోటును "పె దు బెరింబావ్" అంటారు, ఆట అక్కడే మొదలవుతుంది. ఇద్దరూ అక్కడ గొంతుక్కూర్చుని, ఒకరికొకరు ఎదురుగా, వాయించేవారు తల ఊపే వరకు ఆగుతారు. అంగోలా హోడాలో ముందుగా ఒకరు "లదయీన్యా" అనే ఒంటరి పాట పాడతారు. అది సాగుతున్నంతసేపు ఎవరూ ఆడరు, కూర్చున్నవారు వింటారు. ఆ తరువాత వంతలతో స్తుతి, దాని తరువాత "కొహీదో" అనే చిన్న వంత పాటలు మొదలైనప్పుడే ఆట మొదలవుతుంది. చేతులు కలిపి, చాలామంది అవూ వేస్తూ, అంటే చేతుల మీద పక్కకు తిరుగుతూ లోపలికి వెళతారు. అది రాకపోతే వంగి ఒక అడుగు వేసి వెళ్లినా సరిపోతుంది. గుంగా పిలుపు వినిపించగానే ఆట ఆపి తిరిగి అక్కడికే రావాలి. ముగించేటప్పుడు మళ్లీ చేతులు కలపాలి.

హెజియోనల్ హోడాల్లో ఆడుతున్న ఇద్దరి మధ్యకు మూడోవారు వచ్చి ఒకరి స్థానాన్ని తీసుకునే పద్ధతి ఉంది, దాన్ని "కొంప్రార్" అంటారు. కొత్తవారు దీన్ని కొన్నాళ్లు చూసి నేర్చుకోవడమే మేలు, ఎందుకంటే తప్పు సమయంలో మధ్యకు వెళితే విసురుగా వస్తున్న కాలికి ఎదురుపడతారు. వలయంలో నిలుచున్నప్పుడు ఫోను చూడడం, పక్కవారితో కబుర్లు చెప్పడం, ఆటగాళ్లకు వీపు తిప్పడం మర్యాద కాదు. అనుమతి లేకుండా వీడియో తీయకండి.

గురువును ఎలా పిలవాలి?

మెస్త్రే అన్న బిరుదు పెద్దది. దశాబ్దాల ఆట, బోధన తరువాత తమ గురువు, సమాజం గుర్తించినవారికే అది దక్కుతుంది, స్త్రీలను "మెస్త్రా" అంటారు. మీకు నేర్పేవారు కోంత్రమెస్త్రే, ప్రొఫెసోర్, ఇన్‌స్త్రుతోర్ స్థాయిలో ఉండవచ్చు. వారి బిరుదు ఏమిటో అడిగి అలాగే పిలవండి. కోర్టులో నిల్చున్నట్టు బిగుసుకుపోనవసరం లేదు, తరగతి వాతావరణం సాధారణంగా స్నేహంగా ఉంటుంది.

నడుముకు కట్టే తాడు, మారుపేరు ఎప్పుడు ఇస్తారు?

చాలా బృందాల్లో "బతిజాదో" అనే వేడుకలో, తరచుగా బయటి నుంచి వచ్చిన మెస్త్రేతో ఒక ఆట ఆడించి, మొదటి తాడును ఇస్తారు. తాడు రంగుల క్రమం ఒక్కో బృందానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి మరొక బృందంవారి రంగుతో పోల్చుకోవడంలో అర్థం లేదు. అంగోలా బృందాల్లో ఎక్కువమందికి తాళ్లే లేవు. మారుపేరు పెట్టే ఆచారం కపోయెరా నిషేధంలో ఉన్న కాలంలో అసలు పేరును దాచడానికి ఉపయోగపడిందని చెబుతారు. ఎవరైనా మీ రూపాన్నో, రంగునో, శరీర బరువునో వెక్కిరించే పేరు పెడితే వద్దని చెప్పే హక్కు మీకు ఉంది.

చరిత్ర తెలుసుకోవడం అవసరమా?

తెలియకపోయినా జింగా వస్తుంది. కానీ ఎవరి బాధలో నుంచి ఈ ఆట పుట్టిందో తెలియకుండా ఆడడం సరికాదని మేము గట్టిగా అనుకుంటాము. ఆఫ్రికా నుంచి బానిసలుగా బ్రెజిల్‌కు తరలించిన వారి సంఖ్యను చరిత్రకారులు సుమారు 48 లక్షలుగా అంచనా వేస్తారు, అమెరికా ఖండాల్లో మరే దేశానికీ అంతమందిని తీసుకురాలేదు. వారూ వారి సంతతీ తమ ఆటపాటల నుంచి, పోరాట రీతుల నుంచి కపోయెరాను మలిచారు. బానిసత్వం 1888 మే 13న చట్టరీత్యా రద్దయింది. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 1890 నాటి శిక్షాస్మృతి 402వ విభాగం వీధుల్లో కపోయెరా ఆడడాన్ని నేరంగా ప్రకటించి, రెండు నుంచి ఆరు నెలల జైలు శిక్షను విధించింది. స్వేచ్ఛ పొందినవారి చేతిలో మిగిలిన కొద్దిపాటి ఆస్తిలో ఇదొకటి, దాన్నే నేరం చేశారు. "కవలరియా" అనే బెరింబావ్ వాయింపు గుర్రాల డెక్కల చప్పుడును అనుకరిస్తుంది. పోలీసు దళం వస్తోందని ఆటగాళ్లను హెచ్చరించడానికి దాన్ని వాడేవారని పెద్దలు చెబుతారు.

బింబా పాఠశాలకు 1937లో అధికారిక గుర్తింపు లభించింది. బ్రెజిల్ ప్రభుత్వ వారసత్వ సంస్థ 2008లో కపోయెరాను దేశ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది. 2014లో యునెస్కో హోడాను మానవాళి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే ఈ గౌరవం ఆ విద్యను నిలబెట్టినవారికి సకాలంలో అందలేదు. పస్చీన్యా చూపు కోల్పోయి, పేదరికంలో 1981లో కన్నుమూశారు. బింబా 1974లో సాల్వదోర్‌కు దూరంగా, గొయానియా నగరంలో మరణించారు.

ఇది మతానికి సంబంధించినదా?

కాదు, ఏ మతంవారైనా, మతం లేనివారైనా ఆడవచ్చు. బహియాలోని ఆఫ్రికన్ మూలాల మతమైన కందోంబ్లే నుంచి "అషే" (ప్రాణశక్తి) వంటి మాటలు, అతబాకే వంటి వాయిద్యాలు, కొన్ని పాటల్లోని దేవతల పేర్లు వచ్చాయి. క్రైస్తవ సాధువుల పేర్లూ అంతే తరచుగా వినిపిస్తాయి. హోడాలోకి వెళ్లే ముందు కొందరు నేలను తాకుతారు, శిలువ గుర్తు వేసుకుంటారు. మీరు అలా చేయవలసిన పని లేదు, చేసేవారిని గౌరవిస్తే చాలు.

వయసు మీరినవారు, స్త్రీలు, పిల్లలు చేరవచ్చా?

పస్చీన్యా శిష్యులైన మెస్త్రే జువావ్ పెకేనో తొంభై దాటాక కూడా సాల్వదోర్‌లో కపోయెరాతోనే జీవించి 2011లో మరణించారు. ఆయన సహాధ్యాయి మెస్త్రే జువావ్ గ్రాంజి న్యూయార్క్‌లో పాఠశాల నడిపి, 2001లో అమెరికా ప్రభుత్వపు జాతీయ వారసత్వ పురస్కారం అందుకున్నారు. అరవై ఏళ్లవారు మొదలుపెట్టడంలో వింత ఏమీ లేదు, తొందరపడకుండా మొదలుపెడితే చాలు.

ఒకప్పుడు హోడాలు దాదాపు పూర్తిగా పురుషులవే. ఇప్పుడు ఎన్నో తరగతుల్లో స్త్రీలు సగం మంది కనిపిస్తారు, స్త్రీలే నడిపే బృందాలు ఉన్నాయి. మెస్త్రా జాంజా 1995లో సావ్ పావ్లోలో స్థాపించిన న్జింగా బృందం వాటిలో పేరున్నది. తరగతిలో ఎవరితోనైనా జతకట్టడానికి మీకు ఇబ్బంది అనిపిస్తే కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. పిల్లలకు వేరే తరగతులు ఉంటాయి, వారిని పెద్దల తరగతిలో కూర్చోబెట్టవద్దు.

మంచి బృందాన్ని ఎలా గుర్తించాలి?

చేరే ముందు ఒక తరగతిని పక్కన కూర్చుని చూడనివ్వమని అడగండి. మంచి బృందాలు సంతోషంగా ఒప్పుకుంటాయి. చూసేటప్పుడు గురువు కన్నా కొత్తవారిని గమనించండి: వారికి ఎవరైనా సాయం చేస్తున్నారా, లేక మూలన వదిలేశారా? పాతవారు కొత్తవారితో ఆడేటప్పుడు కాలును నిదానించి ఆపుతున్నారా, లేక తమ బలం చూపిస్తున్నారా? తరగతిలో సంగీతం ఉందా, లేక స్పీకరులో పాట పెట్టి వ్యాయామం చేయిస్తున్నారా? "మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగితే గురువు తన మెస్త్రే పేరు, వారి మెస్త్రే పేరు చెప్పగలగాలి. కపోయెరాలో ఆ పరంపరే పట్టా. దానికి తడబడేవారి దగ్గర, ఇతర బృందాలను తిట్టేవారి దగ్గర, నొప్పి ఉందంటే చిన్నబుచ్చేవారి దగ్గర మీ సమయం వృథా చేసుకోవద్దు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఈ వెతుకులాట సులువు. జెలోన్ వియేరా, లొరెమిల్ మషాదో 1975లో న్యూయార్క్‌కూ, బింబా శిష్యులు మెస్త్రే అకోర్జియోన్ 1978లో కాలిఫోర్నియాకూ కపోయెరాను తీసుకువెళ్లారు కనుక అక్కడ రెండు మూడు తరాల గురువులు ఉన్నారు. భారతదేశంలో బృందాలు తక్కువ, పెద్ద నగరాల్లోనే కనిపిస్తాయి. మీ నగరంలో లేకపోతే, దగ్గరి నగరంలో ఏడాదికోసారి జరిగే శిబిరానికి వెళ్లి మూడు రోజులు నేర్చుకోవడం, ఇంట్లో వీడియోలు చూసి నెలల తరబడి ఒంటరిగా చేయడం కన్నా ఎంతో మేలు.

రెండో తరగతి లోగా ఇంట్లో ఏమి సాధన చేయాలి?

రోజుకు పది నిమిషాలు జింగా చాలు. అద్దం ముందు వేస్తే మీ చేతులు సరైన వైపు వస్తున్నాయో లేదో తెలుస్తుంది, అద్దం లేకపోతే గోడ మీద కళ్ల ఎత్తున ఒక గుర్తు పెట్టి దాని మీదే చూపు నిలపండి. దాని తరువాత కొకొరీన్యా, అంటే మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చుని ఒక ముంజేతిని ముఖానికి అడ్డంగా పెట్టడం, రెండు వైపులా చెరో అయిదు సార్లు చేయండి. నేల మీద కూర్చుని తినే అలవాటు ఉన్నవారికి ఇది తొందరగా వస్తుంది, కుర్చీలకు అలవాటుపడినవారి మడమలు మొదట్లో పైకి లేస్తాయి, అప్పుడు మడమల కింద మడిచిన తువ్వాలు పెట్టుకోండి. తన్నులను, చేతుల మీద తిరగడాన్ని ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించవద్దు, అవి గురువు కళ్ల ముందే చేయవలసినవి. తొడల నొప్పి పూర్తిగా తగ్గేవరకు ఆగకుండా, నడవగలిగితే చాలు రెండో తరగతికి వెళ్లండి.